హెలికాప్టర్ కాదు, విమానం కాదు: సివిల్ టిల్ట్‌రోటర్ ఇంత లేటవడం ఎవరి పుణ్యం?

మధురవాడ మోహన్:
భోగాపురం ఎయిర్‌పోర్ట్ థ్రెడ్‌లో నేను టిల్ట్‌రోటర్ మాట ఎత్తగానే అందరూ నవ్వీసారు, మోడరేటర్ గారు వేరే థ్రెడ్ పెట్టుకో బాబూ అన్నారు, సరే పెట్టీసాను. తెలీనోళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మామూలు విమానంలాగే రెక్కలుంటాయి, రెక్కల చివర చెరో పెద్ద రోటర్, వాటిని నిలువుగా పెడితే హెలికాప్టర్‌లా ఉన్నచోటే లేస్తుంది, పైకెళ్ళాక ముందుకి వంచితే విమానంలా దూసుకుపోతుంది. అమెరికా మిలిటరీ దగ్గరున్న వీ-22 ఆస్‌ప్రే అదే రకం. సివిల్‌లో ఉన్నది ఒకే ఒక్కటి, ఏడబ్ల్యూ609. ఇద్దరు పైలట్లు, తొమ్మిది మంది దాకా ప్యాసింజర్లు, గంటకి 500 కి.మీ. స్పీడు, 25,000 అడుగుల ఎత్తు. 1996లో ప్రకటించారు, 2003 మార్చి 6న టెక్సస్‌లో మొదటిసారి గాల్లోకి లేచింది. ఆరోజు పుట్టిన పిల్లాడు బీటెక్ అయిపోయి బ్యాక్‌లాగులు కూడా క్లియర్ చేసుకునుంటాడు, దీనికి మాత్రం ఇరవై ఏళ్ళు దాటిపోయినా సర్టిఫికెట్ రాలేదు!

నా పాయింట్ ఒక్కటే. టెక్నాలజీ ఎప్పుడో ప్రూవ్ అయిపోయింది. ఆస్‌ప్రే 2007 నుంచి సర్వీస్‌లో ఉంది, 400 పైన తయారుచేసారు. ఎక్స్‌వీ-15 అనే ప్రయోగాత్మక విమానం 1977లోనే ఎగిరింది. అయినా సివిల్‌కి వచ్చేసరికి ఎఫ్ఏఏ వాళ్ళు (అమెరికా సివిల్ ఏవియేషన్ రెగ్యులేటర్) ఇది ఏ రూల్‌బుక్కులో పడుతుందో తేల్చుకోలేక నానబెట్టీసారు. రెగ్యులేటర్ బద్ధకం, అంతే. కాదన్నోళ్ళు కారణం చెప్పండి, ఊరికే నవ్వకండి.

జగదాంబ జంక్షన్:
మామూలు హెలికాప్టర్ అంటేనే మన తెలుగోళ్ళకి గుండె ఆగిపోద్ది గురూ, ఇప్పుడు మధ్యలో ఒంగే హెలికాప్టరా 😀 నేను ఎక్కను, మా ఇంట్లో ఎవర్నీ ఎక్కనివ్వను.

డేగా పాతకాపు:
మోహన్ బాబూ, నేను వైజాగ్ నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్ఎస్ డేగాలో హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, చేతక్ నుంచి యూహెచ్-3హెచ్ దాకా చేతులకి గ్రీజు అంటించుకున్నవాణ్ణి కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికుంటే చదువు.

"ప్రూవ్ అయిపోయింది" అన్నావు చూడు, అక్కడే నాకు అభ్యంతరం. మిలిటరీలో ప్రూవ్ అవడం వేరు. అక్కడ పని జరగాలి, దానికోసం కొంత రిస్క్ తీసుకుంటారు, ఎక్కేవాడు యూనిఫాం వేసుకునే ఎక్కుతాడు. టికెట్ కొనుక్కుని ఎక్కేవాడికి ఆ లెక్క చెల్లదు. ఆస్‌ప్రే సంగతే చూడు. 1989 మార్చిలో మొదటిసారి ఎగిరింది, సర్వీస్‌లోకి వచ్చింది 2007లో, అంటే పెంటగాన్ అంత డబ్బు పోసినా 18 ఏళ్ళు. మధ్యలో 2000 ఏప్రిల్‌లో అరిజోనాలో ఒకటి కూలి 19 మంది మెరీన్లు పోయారు. బాగా నిదానంగా ముందుకెళ్తూ వేగంగా కిందికి దిగబోతే ఒక పక్క రోటర్ తను తోసిన గాలిలోకే తను దిగిపోయి లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, పోగొట్టుకుంది, రెండో పక్కది బాగానే ఉంది, దాంతో మొత్తం తిరగబడిపోయింది. మామూలు హెలికాప్టర్‌కి కూడా ఈ జబ్బు ఉంది, కానీ దానికి రోటర్ ఒక్కటే కాబట్టి నిటారుగా కుంగుతుంది, పైలట్‌కి ముందుకి తోసుకుని బయటపడడానికి ఒక ఛాన్స్ ఉంటుంది. ఇక్కడ రెండు రోటర్లు రెండు చివర్లలో ఉన్నాయి, ఒకటి పోతే తిరగబడడమే.

అదే ఏడాది డిసెంబర్లో ఇంకోటి, నలుగురు. 2022లో కాలిఫోర్నియాలో క్లచ్ జారి మళ్ళీ దబ్బున పట్టుకోవడం వల్ల అయిదుగురు. 2023 నవంబర్లో జపాన్ దగ్గర సముద్రంలో ఎనిమిది మంది, ఈసారి గేర్‌బాక్స్ లోపల పళ్ళచక్రం విరిగింది. ఆ తర్వాత మొత్తం ఆస్‌ప్రేలన్నీ మూడు నెలలు నేలమీదే ఉన్నాయి. సర్వీస్‌లోకొచ్చి 16 ఏళ్ళయ్యాక కూడా గేర్‌బాక్స్‌లో కొత్త సంగతులు బయటపడుతున్నాయంటే సివిల్ రెగ్యులేటర్ ఏ ధైర్యంతో సంతకం పెడతాడు చెప్పు?

మధురవాడ మోహన్:
గురువుగారూ మీ అనుభవం ముందు నేనెంత, కానీ ఆస్‌ప్రే తప్పులకి 609కి ఎందుకు శిక్ష వెయ్యాలి? అది వేరే డిజైను, చిన్నది, ఓడలో పెట్టుకోడానికి రెక్క మడవక్కర్లేదు, అంత బరువు మొయ్యక్కర్లేదు. ఇంజన్ పీటీ6 కుటుంబంలోది, ప్రపంచంలో అంత నమ్మకమైన ఇంజన్ ఇంకోటి లేదు.

డేగా పాతకాపు:
ఇంజన్ గురించి నాకు దిగుల్లేదయ్యా. ఇంజన్‌కీ రోటర్‌కీ మధ్యన ఉన్నదాని గురించే దిగులు. ఒక ఇంజన్ ఆగిపోతే రెండో ఇంజన్ రెండు రోటర్లనీ తిప్పాలి, అందుకని రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి లోపల్నుంచి ఒక షాఫ్ట్ వేస్తారు. రెక్క గాల్లో ఒంగుతుంది, ఆ షాఫ్ట్ కూడా ఒంగుతూ తిరగాలి, వేడికి సాగాలి, ఎక్కడా ఒరుసుకోకూడదు. రెండు చివర్లలో గేర్‌బాక్సులు తొంభై డిగ్రీలు తిరుగుతూ కూడా నూనె లోపల సరిగ్గా పారాలి. అడ్డంగా ఉన్నప్పుడు ఒక చోట చేరే నూనె నిలువుగా ఉన్నప్పుడు ఇంకోచోట చేరుతుంది. ఇది కాగితం మీద చిన్న విషయమే, హ్యాంగర్లో కాదు.

ఇంకొకటి. హెలికాప్టర్‌కి ఇంజన్లన్నీ ఆగిపోయినా గాలికే రోటర్ తిరుగుతూ ఒక పద్ధతిలో దిగొచ్చు, ఆటోరొటేషన్ అంటాం. టిల్ట్‌రోటర్‌కి రోటర్లు చిన్నవి, బరువెక్కువ, ఆ విద్య హెలికాప్టర్‌కి వచ్చినంత బాగా రాదు. విమానంలా జారుకుంటూ దిగాల్సొస్తే మళ్ళీ ఎక్కడో పొడుగాటి చోటు కావాలి. ఇలాంటివాటికి రూలు రాయడానికి ఎఫ్ఏఏ వాళ్ళకి విమానాల పుస్తకం ఒకటి, హెలికాప్టర్ల పుస్తకం ఒకటి, రెండిట్లో నుంచీ ముక్కలు తీసి, లేనివి కొత్తగా రాసి కలపాల్సి వచ్చింది. దాన్ని బద్ధకం అంటే నేనొప్పుకోను.

ఏరో సిరి:
అంకుల్ చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను, నేను ఏరోనాటికల్ ఫైనలియర్. 2015 అక్టోబర్ 30న ఇటలీలో 609 రెండో ప్రోటోటైప్ కూలిపోయింది, ఇద్దరు టెస్ట్ పైలట్లు చనిపోయారు, అది ఎవరూ మాట్లాడట్లేదేంటి? హై స్పీడ్ డైవ్ టెస్ట్ చేస్తున్నారు. విమానం పక్కకీ పక్కకీ ఊగడం మొదలైంది, పైలట్ దాన్ని సరిచెయ్యడానికి కంట్రోల్ ఇస్తే ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్లో రాసిపెట్టిన పద్ధతి ఆ ఊగుడిని తగ్గించడానికి బదులు పెంచింది, రోటర్లు ఒరిగి రెక్కకి తగిలాయి, గాల్లోనే ముక్కలైపోయింది. గేర్‌బాక్స్ కాదు, ఇంజన్ కాదు, రోల్‌ని (రెక్కలు పక్కకి ఒరగడం) యాతో (ముక్కు పక్కకి తిరగడం) కలిపిన కంట్రోల్ లా, అంటే కంప్యూటర్లో రాసిన ఆ పద్ధతి. మొత్తం ఫ్లై బై వైర్, అంటే పైలట్ చెయ్యి కదిలిస్తే కంప్యూటర్ నడిపే రకం కాబట్టి ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ రాసి, మళ్ళీ టెస్ట్ చేసి, మళ్ళీ చూపించాలి. ఏళ్ళు పట్టదా మరి.

అసలు కష్టం ఏంటంటే ఈ రోటర్ రెండు పనులకీ సగం సగం సరిపోయే వస్తువు. హోవర్‌కి, అంటే గాల్లో ఉన్నచోటే నిలబడడానికి, పెద్దది కావాలి, నిదానంగా తిరగాలి. విమానంలా వెళ్ళడానికి చిన్న ప్రొపెల్లర్ కావాలి. మధ్యస్థంగా ఒకటి చేసి రెక్క చివర పెడితే అది స్పీడులో రెక్కని సుడి తిప్పినట్టు తిప్పుతుంది, వర్ల్ ఫ్లట్టర్ అంటారు, దాన్ని ఆపడానికి రెక్క లావుగా గట్టిగా చెయ్యాలి, లావుగా చేస్తే బరువు, గాలి అడ్డం. 1950ల్లో ఎక్స్‌వీ-3 కాలం నుంచీ ఇదే గొడవ.

మధురవాడ మోహన్:
@జగదాంబ, నువ్వు 2009 సెప్టెంబర్ 2న వైఎస్ గారి ప్రమాదం, 2002లో బాలయోగి గారి ప్రమాదం మనసులో పెట్టుకుని అంటున్నావని అర్థమైంది. కానీ ఆలోచించు, రెండూ మామూలు హెలికాప్టర్లే. నల్లమలలో కూలింది బెల్ 430, అది మేఘాల కిందా మేఘాల్లోనే వెళ్ళాల్సొచ్చింది. 609కి క్యాబిన్ ప్రెషరైజ్ చేసుంటుంది, 25,000 అడుగులకెళ్ళి వాతావరణం పైనుంచి పోతుంది. అలాంటిది ఆరోజు ఉండుంటే అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఏరో సిరి:
మోహన్ గారూ అది వద్దండి. మన దగ్గర వానాకాలం క్యుములోనింబస్ మేఘం 40,000 అడుగులు దాటిపోతుంది, 25,000లో వెళ్ళేది సరిగ్గా దాని కడుపులోనుంచి వెళ్తుంది. పక్కకి తప్పించుకోడానికి వెదర్ రాడారూ, ఇంధనం మిగులూ ఉపయోగపడతాయి, ఆ మాటకి ఒప్పుకుంటా. చివర్లో ఎలాగూ కొండల మధ్యకి దిగాలి కదా, అక్కడ ఏ మెషీన్ అయినా ఒకటే.

లెక్కల శీను:
మీరందరూ గేర్లూ రెక్కలూ మాట్లాడుతున్నారు, నేను సీఏని, నాకు వేరేది కనబడుతోంది. ఇది లేటవలేదు, దీని కోసం ఎవరూ తొందరపడలేదు. రెండూ వేరు.

ఈ ప్రాజెక్టులో ఎవరెవరు ఎప్పుడెప్పుడు జారుకున్నారో చూడండి. 1996లో బెల్, బోయింగ్ కలిసి మొదలెట్టాయి. 1998లో బోయింగ్ బయటికెళ్ళిపోయింది, ఇటలీ అగస్టా లోపలికొచ్చింది. 2011లో బెల్ కూడా తన వాటా ఇచ్చేసి వెళ్ళిపోయింది, అప్పుడే బీఏ609 పేరు ఏడబ్ల్యూ609 అయింది. ప్రపంచంలో టిల్ట్‌రోటర్ గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన రెండు కంపెనీలు, ఆస్‌ప్రే చేసినవాళ్ళు, ఇద్దరూ సివిల్ మార్కెట్ వద్దనుకుని మిలిటరీ పనే చూసుకున్నారు. బెల్ చక్కగా వీ-280 అనే కొత్త మిలిటరీ టిల్ట్‌రోటర్ చేసి 2022 డిసెంబర్లో అమెరికా ఆర్మీ కాంట్రాక్ట్ కొట్టేసింది. వాళ్ళకి బుర్ర లేకనా?

మిగిలినవాళ్ళు, అంటే ఇప్పటి లియోనార్డో, వాళ్ళకి సొంతంగా ఏడబ్ల్యూ139 హెలికాప్టర్ ఉంది, వెయ్యి పైన అమ్ముకున్నారు. 12 నుంచి 15 మందిని ఎక్కించుకుని గంటకి 300 కి.మీ. వెళ్తుంది. 609 తొమ్మిది మందిని ఎక్కించుకుని 500 వెళ్తుంది. ఇంకోపక్క ఏటీఆర్-72 ప్రొపెల్లర్ విమానం ఉంది, అదీ 500 దరిదాపుల్లోనే వెళ్తుంది, కానీ 70 మందిని ఎక్కించుకుంటుంది, మన ఎయిర్‌పోర్టులో రోజూ కనబడేదే. రన్‌వే ఉన్నచోట ఏటీఆర్ గెలుస్తుంది. రన్‌వే లేని దగ్గరి దూరాలకి హెలికాప్టర్ గెలుస్తుంది. రన్‌వే లేకుండా, దూరం 300 దాటి, తొమ్మిది మందే ఉండి, గంట ముందే చేరాలని ఎంతైనా ఇచ్చేవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు ఎంతమంది?

1994లో డాలస్‌లో కన్వెన్షన్ సెంటర్ మీద ఒక వెర్టిపోర్ట్ (నిలువుగా దిగేవాటికి స్టేషన్) కట్టారు, టిల్ట్‌రోటర్లు వస్తాయని కూడా లెక్కేసుకుని. హెలికాప్టర్లు దిగాయి అక్కడ. టిల్ట్‌రోటర్ సర్వీసు రాలేదు.

మధురవాడ మోహన్:
శీను గారూ ఇది కోడి ముందా గుడ్డు ముందా వ్యవహారం. సర్టిఫికెట్ లేని వస్తువుకి కస్టమర్లు ఎక్కడినుంచొస్తారు? అప్పట్లోనే సర్టిఫికెట్ వచ్చుంటే మార్కెట్ దానంతటదే పుట్టేది. ఆయిల్ కంపెనీలు కొనేవి.

లెక్కల శీను:
ఆయిల్ కంపెనీలే కొనాలి, నిజమే, వాళ్ళ మీదే ఆశ పెట్టుకున్నారు కూడా. 2014లో క్రూడ్ ధర కూలింది. సముద్రంలో రిగ్గులకి మనుషుల్ని తీసుకెళ్ళే హెలికాప్టర్ కంపెనీల్లో సీహెచ్‌సీ 2016లో, బ్రిస్టో 2019లో దివాలా రక్షణకి వెళ్ళాయి. 609 కోసం ముందుకొచ్చిన కస్టమర్లలో ఎవరున్నారో తెలుసా, అదే బ్రిస్టో. ఇలాంటి వ్యాపారాన్ని నమ్ముకుని ఏ బోర్డు మాత్రం "ఇంకో రెండొందల మంది ఇంజనీర్లని పెట్టండి, త్వరగా కానివ్వండి" అంటుంది?

రిగ్గు రాజు:
ఆయిల్ మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక చెయ్యి ఏస్తాను. నేను కేజీ బేసిన్‌లో ఆఫ్‌షోర్ పని చేస్తాను, మా ఇల్లు గాజువాక, డ్యూటీకి రాజమండ్రి ఎళ్ళి అక్కణ్ణుంచి హెలికాప్టర్. ఏటంటే మా దగ్గర దూరాలే లేవండి. కొత్తగా 2024లో ఆయిల్ మొదలైన డీప్‌వాటర్ బ్లాక్ కూడా తీరానికి 35 కి.మీ. దగ్గర్లోనే ఉంది. రాజమండ్రి నుంచి లెక్కేసినా ప్రయాణం అరగంట, నలభై నిమిషాలు. దీన్ని సగం చేసి నాకేటి లాభం, ఆ మిగిలిన టైమంతా లైఫ్ జాకెట్ ఏసుకుని బ్రీఫింగ్ వీడియో చూడ్డానికే అయిపోద్ది. బ్రెజిల్‌లో అయితే తీరానికి 300 కి.మీ. దూరంలో బావులున్నాయి, అక్కడోళ్ళకి పనికొస్తాది.

ఇంకో మాట, దీన్ని కంప్యూటర్ ముందు కూర్చున్నోళ్ళు ఎవరూ అనరు. హెలిడెక్ మీద డౌన్‌వాష్, అంటే రోటర్ కిందికి కొట్టే గాలి. హెలికాప్టర్ దిగినప్పుడే హెల్మెట్ పట్టుకుని ఒంగుని కూర్చుంటాం, వల సరిగ్గా కట్టకపోతే సామాన్లు సముద్రంలోకే. దీని గాలి ఎంత ఉంటాదో ఎవరైనా లెక్క చెప్పండి.

ఏరో సిరి:
రాజు గారూ లెక్క తేలికే. 609 రోటర్ ఒక్కోటి 7.9 మీటర్ల వ్యాసం, రెండు కలిపితే సుమారు 98 చదరపు మీటర్లు. నిలువుగా లేచేటప్పుడు గరిష్ఠ బరువు 7,600 కిలోలు. అంటే చదరపు మీటరుకి 77 కిలోలు. మీరెక్కే సైజు ఏడబ్ల్యూ139 ఒకే రోటర్ 13.8 మీటర్లు, సుమారు 150 చదరపు మీటర్లు, బరువు 6,800 అనుకుంటే చదరపు మీటరుకి 45. ఈ లెక్క పెరిగేకొద్దీ కింద గాలి స్పీడు పెరుగుతుంది, వర్గమూలం లెక్కన. అంటే దగ్గర దగ్గర మూడో వంతు ఎక్కువ స్పీడు. ఆస్‌ప్రేది దీనికంటే ఇంకా చాలా ఎక్కువ, దాని కింద నిలబడ్డమే కష్టం.

రిగ్గు రాజు:
థాంక్యూ అమ్మా. మూడో వంతంటే మా డెక్ మీద చిన్న విషయం కాదు. ఇంకొకటి, మాకు నీళ్ళలో బోర్లాపడిన క్యాబిన్లో నుంచి ఈదుకుని బయటికొచ్చే ట్రైనింగు ఇస్తారు, హ్యూయెట్ అంటాం. రెక్కలున్నది నీళ్ళలో పడితే కిటికీ నుంచి బయటికొచ్చినోడికి పైన రెక్క అడ్డొస్తాదా రాదా? రెక్క పైన ఉంటాది కదా దానికి.

డేగా పాతకాపు:
మంచి ప్రశ్న. పైన రెక్క ఉండడం వల్ల బరువు కూడా పైనే ఉంటుంది, ఇంజన్లు గేర్‌బాక్సులు రెక్క చివర్లలోనే కాబట్టి. ఫ్లోట్లు ఊది నిలబెట్టాలి. ఆయిల్ కంపెనీకి అమ్మాలంటే ఇది చూపించకుండా కుదరదు.

పాడేరు సిస్టర్:
నమస్తే. నేను ఏజెన్సీలో స్టాఫ్ నర్సుని. మొన్న భోగాపురం థ్రెడ్‌లో ఎవరో "టిల్ట్‌రోటర్ ఉంటే ఏజెన్సీ గర్భిణులని డోలీలో మొయ్యక్కర్లేదు" అని రాసారు, అందుకే ఇక్కడికొచ్చాను. పాడేరు నుంచి వైజాగ్ కేజీహెచ్ పెద్దాసుపత్రికి గాల్లో చూస్తే 80 కి.మీ. లోపే. హెలికాప్టర్ అయితే పావుగంట ఇరవై నిమిషాలు, మీరు చెప్పేదైతే పది నిమిషాలు. ఆ తేడా మాకు తేడా కాదు. మాకు టైమంతా పోయేది ఊరి నుంచి రోడ్డు దాకా. మూడు గంటలు మోసుకొచ్చి, అక్కడ ఫీడర్ అంబులెన్స్ బండి కోసం చూసి, తర్వాత ఘాట్. ఆ ఊళ్ళ దగ్గర చదునైన చోటే ఉండదు, ఉన్న కొంచెం చోట్లో రాగి చేను ఉంటుంది. పైనున్న అమ్మాయి చెప్పిన గాలి లెక్క ప్రకారం అయితే చుట్టుపక్కల రేకులు కూడా ఉండవు. రోడ్డు వెయ్యమనండి.

జగదాంబ జంక్షన్:
👏👏 సిస్టర్ గారికి వందనాలు, థ్రెడ్ ఇక్కడితో లాక్ చేసీండి.

మధురవాడ మోహన్:
లాక్ ఎందుకు, ఇంకా నా కేసు పూర్తవలేదు. సిస్టర్ గారు చెప్పింది వంద శాతం నిజం, ఆ డోలీ వ్యాఖ్య నాది కాదు, ఏజెన్సీకి టిల్ట్‌రోటర్ అని నేనెప్పుడూ అనలేదు. నేను చెప్పేది సముద్రం. మ్యాప్ తియ్యండి. నికోబార్ దీవుల్లో కమోర్టా. పోర్ట్ బ్లెయిర్ నుంచి, అదే ఇప్పుడు శ్రీ విజయపురం, 400 కి.మీ. రన్‌వే లేదు. అక్కడ ఒకరికి గుండెపోటొస్తే హెలికాప్టర్లో గంటన్నర పైన, అదీ ఇంధనం చూసుకుంటూ. టిల్ట్‌రోటర్ అయితే యాభై నిమిషాలు. కట్చల్, తెరెస్సా కూడా అంతే. శీను గారు అడిగిన "రన్‌వే లేదు, దూరం 300 దాటింది, కొద్దిమందే, తొందరగా చేరాలి" అన్నీ ఇక్కడ ఉన్నాయి. వైజాగ్‌లో కూర్చుని మనం మాట్లాడుకోవాల్సింది ఇదే, మన ఓడలే వెళ్తాయి అక్కడికి.

హుద్‌హుద్ కూడా గుర్తు చేసుకోండి, 2014 అక్టోబర్ 12. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ పైకప్పు ఎగిరిపోయింది, ఫ్లైట్లు రోజుల తరబడి లేవు.

డేగా పాతకాపు:
హుద్‌హుద్ నీకు సాయం చెయ్యదు బాబూ. ఆరోజు పోయింది టెర్మినలూ కరెంటూ సిగ్నళ్ళూ, రన్‌వే పోలేదు. చెట్లు తీసి తుడిస్తే రన్‌వే రన్‌వేనే.

కమోర్టా మాత్రం గట్టి పాయింట్. నేను ఆ దీవుల గాలి ఎరుగుదును. క్యాంప్‌బెల్ బేలో అయితే నేవీ ఎయిర్‌స్ట్రిప్ ఉంది, డోర్నియర్ దిగుతుంది, అక్కడ దీని అవసరం లేదు. కమోర్టాలో నీ లెక్క నిలబడుతుంది. అయితే నేను చూసేది ఆ మరుసటి రోజు. ఆ ఉప్పుగాలికి మా చేతక్‌లకే రోజూ మంచినీళ్ళతో కడిగేవాళ్ళం, ఇంజన్ లోపలికి కూడా నీళ్ళు కొట్టేవాళ్ళం. అంత సాదా మెషీన్‌కే అంత చాకిరీ. రెండు తిరిగే గేర్‌బాక్సులూ, రెక్కలో షాఫ్టూ, మూడు వరసల ఫ్లైట్ కంప్యూటర్లూ ఉన్నదాన్ని అక్కడ నిలబెట్టి, స్పేర్ పార్టు ఇటలీ నుంచి రావాలంటే, గుండెపోటు వచ్చినరోజు అది ఎగిరే స్థితిలో ఉండాలంటే మూడు కొనాలి, ఒకటి ఎగరడానికి, ఒకటి రిపేర్లో, ఒకటి విడిభాగాలకి.

లెక్కల శీను:
మూడు కొంటే ఆ డబ్బుతో కమోర్టాలో క్యాత్‌ల్యాబ్ (గుండె రక్తనాళాలకి చికిత్స చేసే గది) పెట్టి కార్డియాలజిస్ట్‌ని కూర్చోబెట్టొచ్చు.

మధురవాడ మోహన్:
కార్డియాలజిస్ట్‌ని కమోర్టాలో కూర్చోబెట్టి చూపించండి ముందు, వైజాగ్ దాటి పాడేరుకే ఎవరూ వెళ్ళట్లేదు. డబ్బుంటే డాక్టర్ వస్తాడనే మాట లెక్కల పుస్తకంలోనే.

పాడేరు సిస్టర్:
అది నిజమే 🙂

సీతమ్మధార సుబ్బు:
ఒక డౌటు. 500 స్పీడే కావాలంటే టిల్ట్‌రోటరే ఎందుకు? హెలికాప్టర్‌కే రెండు ప్రొపెల్లర్లు తగిలించి తోయించొచ్చు కదా. ఎయిర్‌బస్ వాళ్ళు రేసర్ అని ఏదో చేసారని చదివాను.

ఏరో సిరి:
కరెక్ట్ సుబ్బు గారూ, రేసర్ 2024 ఏప్రిల్‌లో ఎగిరింది, 400 కి.మీ. దాటింది. మామూలు హెలికాప్టర్ స్పీడు ఒకచోట ఆగిపోతుంది, ముందుకొచ్చే బ్లేడు శబ్దవేగం దగ్గరికెళ్తుంది, వెనక్కెళ్ళే బ్లేడుకి గాలే సరిపోదు. 1986లో ఒక లింక్స్ హెలికాప్టర్ గంటకి 400.87 కి.మీ. వెళ్ళింది, మామూలు పద్ధతి హెలికాప్టర్లకి ఇప్పటికీ అదే రికార్డ్. రేసర్‌లో చిన్న రెక్కలు కొంత బరువు మోస్తాయి, ప్రొపెల్లర్లు తోస్తాయి, పైన రోటర్ నిదానంగా తిరగొచ్చు. ఏదీ వంగక్కర్లేదు. ఎత్తులో, దూరంలో టిల్ట్‌రోటర్ అంత రాదు, కానీ అంకుల్ చెప్పిన తిరగబడే గొడవ లేదు, ఆటోరొటేషన్ ఉంటుంది. నన్నడిగితే సివిల్‌లో 609కి అసలు పోటీ ఇదే.

వీ-280లో ఇంకో తెలివైన పని చేసారు. ఆస్‌ప్రేలోనూ 609లోనూ ఇంజన్ మొత్తం తిరుగుతుంది. వీ-280లో ఇంజన్ అడ్డంగానే ఉంటుంది, రోటరూ దాని గేరూ మాత్రమే వంగుతాయి. వేడి గాలి నేలమీదకి కొట్టదు, పక్కల తలుపుల్లోనుంచి దిగొచ్చు. ఇది సివిల్‌కి రావాలంటే బెల్ మళ్ళీ మనసు మార్చుకోవాలి.

మధురవాడ మోహన్:
ఇంకో సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఎఫ్ఏఏ 2024 అక్టోబర్లో పవర్డ్ లిఫ్ట్, అంటే ఇలా నిలువుగా లేచి విమానంలా వెళ్ళే రకం, పైలట్ల రూల్స్ ఫైనల్ చేసింది. ఆ క్యాటగిరీ పేరు 1997 నుంచీ పుస్తకంలో ఉంది, రూల్స్ మాత్రం ఎలక్ట్రిక్ ఎయిర్ టాక్సీ కంపెనీలు డబ్బు సంచులతో వచ్చి కూర్చున్నాకే కదిలాయి. 609 ఒక్కటే ఉన్నన్నాళ్ళు కదల్లేదు. ఇది రెగ్యులేటర్ బద్ధకం కాకపోతే ఏంటి శీను గారూ? మీ "ఎవరూ తొందరపడలేదు" అన్నమాట ఎఫ్ఏఏకి కూడా వర్తిస్తుంది.

లెక్కల శీను:
వర్తిస్తుంది. క్యూలో ఒక్కడే ఉంటే కౌంటర్ తెరవరు. దానికి క్యూలో ఒక్కడే ఎందుకున్నాడో మళ్ళీ నా మొదటి పోస్టుకే వెళ్ళాలి.

డేగా పాతకాపు:
ఎలక్ట్రిక్ వాళ్ళ దగ్గర నాకు నచ్చిన విషయం ఒకటుంది. జోబీ అనే ఎయిర్ టాక్సీ కంపెనీ చేసిందాన్లో ఆరు ప్రొపెల్లర్లు వంగుతాయి, ఒక్కోదానికి సొంత మోటారు అక్కడే. రెక్కలో ఆ పొడుగాటి షాఫ్టే లేదు. ఒకటి ఆగిపోతే మిగిలినవి చూసుకుంటాయి. నేను పైన రాసిన గేర్‌బాక్స్ పురాణంలో ముప్పాతిక భాగం దీనికి పట్టదు. సివిల్ ప్యాసింజర్లు మొదట ఎక్కే టిల్ట్‌రోటర్ ఇలాంటి బుల్లిదే అవ్వొచ్చు.

మధురవాడ మోహన్:
గురువుగారూ అది 2021లో పైలట్ లేకుండా, ఖాళీగా, ఒక్క ఛార్జింగ్‌తో 250 కి.మీ. దగ్గరికెళ్ళింది. మనుషులతో 160 అంటున్నారు. కమోర్టాకి 400. మధ్యలో కార్ నికోబార్లో ఆపి ఛార్జింగ్ పెట్టాలా పేషెంట్‌ని పక్కన పెట్టుకుని?

రిగ్గు రాజు:
160 అంటే మా రిగ్గుకి ఎళ్ళడానికే సరిపోద్ది, రావడానికి బ్యాటరీ ఉండదు. డెక్ మీద ఛార్జింగ్ పాయింట్ పెడతామంటే మా సేఫ్టీ ఆఫీసర్ ఏటంటాడో నాకు తెలుసు. గ్యాస్ బావి పక్కన ఎవడైనా సెల్‌ఫోన్ తీస్తేనే రిపోర్ట్ రాస్తాడు ఆ మహానుభావుడు.

సీతమ్మధార సుబ్బు:
బీచ్ రోడ్డు నుంచి భోగాపురానికైనా పనికొస్తుందా మరి? 45 కి.మీ.ఏగా.

డేగా పాతకాపు:
దూరానికి సరిపోతుంది సుబ్బూ. కాకపోతే వైజాగ్ గాలంతా నేవీ ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) చేతిలో ఉంది, డాల్ఫిన్స్ నోస్ అటు, నేవల్ బేస్ ఇటు. హోటల్ డాబా మీంచి పది నిమిషాలకొకటి లేస్తాం అంటే డేగాలో ఎవరొప్పుకుంటారు? నేనున్నప్పుడైతే పెళ్ళిళ్ళ డ్రోన్లకే ఫోన్లు చేసి తిట్టేవాళ్ళం.